అప్డేట్ పడ్డాక సిస్టమ్ క్రాష్ అవుతోందా? బెజవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెలలో రెండో మంగళవారం, అంటే మైక్రోసాఫ్ట్ విండోస్‌కి నెలవారీ అప్డేట్ వదిలే రోజు, దాటిందంటే చాలు, మర్నాడు షాపుల షట్టర్లు లేచే టైముకి ఫోన్లు మొదలవుతాయి. "రాత్రి బానే ఉందండీ, పొద్దున ఆన్ చేస్తే బ్లూ స్క్రీన్ వచ్చేసింది" అని. అడిగేవాళ్లు మారతారు గానీ అడిగేవి మాత్రం అవే, అందుకని అన్నీ ఒకచోట రాస్తున్నా. ఎక్కువగా విండోస్ 10, 11 గురించే ఉంటుంది, మన దగ్గర ఆడిటర్ల ఆఫీసుల్లో, కమీషన్ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో ఉండేవి అవే కాబట్టి. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకోండి, మొదటి రెండూ మాత్రం అందరూ చదవండి.

అప్డేట్ వల్లే పోయిందని ఎలా తెలుస్తుందండీ?

ముందు తేదీలు చూడాలి. సిస్టమ్ ఎలాగోలా ఆన్ అవుతుంటే స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైప్ చెయ్యండి, వ్యూ రిలయబిలిటీ హిస్టరీ అని వస్తుంది, అందులో రోజువారీ గళ్లు ఉంటాయి, క్రాష్ అయిన రోజు ఎర్ర గుర్తు, అప్డేట్ పడిన రోజు నీలం గుర్తు. ఎర్ర గుర్తులు అప్డేట్‌కి రెండు వారాల ముందు నుంచే ఉన్నాయనుకోండి, ఇంక అప్డేట్‌ని తిట్టుకుని లాభం లేదు. నేను చూసినంతలో ఇలాంటి కేసులు చాలానే ఉంటాయి.

ఎందుకంటే మనలో చాలామంది రీస్టార్ట్ అనేదే కొట్టరు. సాయంత్రం షట్ డౌన్ నొక్కి వెళ్లిపోతారు, కానీ ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ అంటే పూర్తిగా ఆగడం కాదు, విండోస్ లోపలి భాగాన్ని డిస్క్ మీద దాచి పొద్దున మళ్లీ అదే పైకి తెస్తుంది. అలా వారాల తరబడి అసలైన రీస్టార్ట్ లేకుండా నడిచిన సిస్టమ్‌ని అప్డేట్ వచ్చి రీస్టార్ట్ కొట్టిస్తుంది, అప్పటిదాకా కుంటుకుంటూ వచ్చిన హార్డ్ డిస్కో, లూజుగా ఉన్న ర్యామో ఆ రోజు బయటపడుద్ది. నింద మాత్రం అప్డేట్ మీదకి పోద్ది.

ఇంకోటి, పాత అసెంబుల్డ్ సిస్టమ్‌లలో మదర్‌బోర్డు మీద గుండ్రటి సీఎంఓఎస్ బ్యాటరీ, అదే సీఆర్2032 సెల్లు. అది అయిపోయి, రాత్రి షాపు కట్టేటప్పుడు మెయిన్ కూడా తీసేస్తే బయోస్ (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) సెట్టింగులన్నీ మొదటికి వచ్చేస్తాయి, అందులో డిస్క్‌తో ఎలా మాట్లాడాలో చెప్పే సాటా మోడ్ మారిపోతే పొద్దున్నే ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని పడుద్ది. అచ్చం అప్డేట్ చెడగొట్టినట్టే ఉంటుంది చూడ్డానికి. ఆన్ చెయ్యగానే తేదీ ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తోందంటే ముందు ఆ సెల్లు మార్పించి, సాటా మోడ్ ఇంతకుముందు ఏదుందో దానికి పెట్టించండి.

షాపతను ఫార్మాట్ కొట్టేద్దాం అంటున్నాడు, కొట్టించమంటారా?

వద్దు. కనీసం ఈరోజు వద్దు. ఫార్మాట్ కొడితే అతనికి గంటలో పనైపోద్ది, మీకు మాత్రం టాలీ డేటా, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్లు, ప్రింటర్ షేరింగ్, తెలుగు టైపింగుకి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ లాంటి పాత సాఫ్ట్‌వేర్లు, వాటి డాంగిళ్లు (లైసెన్సు కోసం సిస్టమ్‌కి గుచ్చే చిన్న ముక్కలు), ఆ సీడీలు ఎక్కడున్నాయో వెతుక్కోవడం, ఇదంతా వారం పని. పైగా అసలు జబ్బు డిస్క్‌దో ర్యాముదో అయితే కొత్త విండోస్ కూడా నాలుగు రోజుల్లో మళ్లీ అలాగే పడిపోద్ది.

డేటా సీ డ్రైవ్‌లో లేదు, డీ డ్రైవ్‌లో ఉంది కదా అని ధీమాగా ఉండకండి, చాలా సిస్టమ్‌లలో రెండూ ఒకే డిస్క్ మీద గీత గీసినవే. ఫార్మాట్ తప్పదు అనుకున్నా ముందు డేటా బయటికి తీయించండి. విండోస్ ఎక్కకపోయినా తీయొచ్చు: రిపేర్ స్క్రీన్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నోట్‌ప్యాడ్ అని టైప్ చేస్తే నోట్‌ప్యాడ్ వస్తుంది, అందులో ఫైల్, ఓపెన్ కొట్టి, కింద ఆల్ ఫైల్స్ పెడితే ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి, రైట్ క్లిక్ చేసి కాపీ కొట్టి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేసుకోవచ్చు. డ్రైవ్ అక్షరాలు అక్కడ మారి ఉండొచ్చు, కంగారు పడకండి. పెన్‌డ్రైవ్‌లో వేసిన ఉబుంటుతో (విండోస్ బదులు నడిచే ఉచిత సిస్టమ్) బూట్ చేసినా కాపీ చేసుకోవచ్చు.

అసలు విండోస్ లోపలికే వెళ్లట్లేదు, రీస్టార్ట్ మీద రీస్టార్ట్ కొడుతోంది. ఇప్పుడేం చెయ్యాలి?

కంపెనీ లోగో కనిపించి కింద చుక్కలు తిరుగుతున్నప్పుడు పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి ఆపండి. వరసగా రెండు మూడుసార్లు ఇలా చేస్తే తర్వాతసారి విండోస్ తనంతట తనే రిపేర్ స్క్రీన్‌లోకి వస్తుంది. (లాగిన్ స్క్రీన్ దాకా వెళ్తుంటే ఈ గొడవ లేదు, షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ కొట్టండి, సరిపోద్ది.) అక్కడ ట్రబుల్‌షూట్, తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో అన్‌ఇన్‌స్టాల్ అప్డేట్స్. రెండు రకాలు చూపిస్తుంది, నెలనెలా పడేది క్వాలిటీ అప్డేట్, ఏడాదికోసారి వెర్షన్ మారేది ఫీచర్ అప్డేట్. మొన్న పడింది ఏదో దాన్నే తీసెయ్యండి, మీ ఫైళ్లు ఎక్కడికీ పోవు. తీసేశాక బాగా నడిస్తే అప్పుడు నమ్మకంగా అప్డేట్‌దే తప్పు అనొచ్చు.

ఫీచర్ అప్డేట్‌కి మామూలుగా పది రోజుల గడువే ఉంటుంది, ఆ తర్వాత పాత వెర్షన్ ఫైళ్లని విండోస్ తుడిచేస్తుంది, ఇంక వెనక్కి పోవడం కుదరదు. చూద్దాంలే అని నెలాఖరు దాకా ఆగేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

అన్‌ఇన్‌స్టాల్ కూడా ఫెయిలైతే అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో సిస్టమ్ రిస్టోర్ ఉందేమో చూడండి, లేకపోతే స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రీస్టార్ట్ అయ్యాక ఎఫ్4 నొక్కి సేఫ్ మోడ్. సేఫ్ మోడ్‌లో బానే ఉండి మామూలుగా పడిపోతుంటే చాలావరకు ఏదో డ్రైవరో, బయటి యాంటీవైరస్సో కారణం.

రిపేర్ స్క్రీన్ వచ్చింది గానీ అక్కడ కీబోర్డు, మౌస్ కదలట్లా అన్నా

2025 అక్టోబర్ 14న వచ్చిన విండోస్ 11 అప్డేట్ సరిగ్గా ఇదే చేసింది, విండోస్‌లో అన్నీ పనిచేస్తాయి, రిపేర్ స్క్రీన్‌లో మాత్రం యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ చచ్చుబడిపోతాయి. అక్టోబర్ 20న కేబీ5070773 అని విడిగా ఇంకో అప్డేట్ ఇచ్చి సరిచేశారు. మీ సిస్టమ్ ఆ మధ్యలోనే ఆగిపోయి ఉంటే, వెనక గుండ్రటి పీఎస్2 పోర్టు ఉందేమో చూడండి, పాత పీఎస్2 కీబోర్డు పెడితే పనిచేస్తుంది. మూల పడేసిన పాత కీబోర్డు ఒకటి ఉంచుకోమని నేను అందుకే చెప్తుంటా.

48 అంకెల కీ అడుగుతోంది, మేమెప్పుడూ పాస్‌వర్డ్ పెట్టలేదే?

మీరు పెట్టలేదు, విండోస్సే పెట్టింది. అది బిట్‌లాకర్ రికవరీ కీ. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగినైన చాలా లాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయిపోద్ది, విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ కొత్తగా వేసినప్పుడు ఇది మరీ మామూలైపోయింది. బయోస్ అప్డేట్ పడినప్పుడో, సెట్టింగ్ మారినప్పుడో లోపలి సెక్యూరిటీ చిప్‌కి అనుమానం వచ్చి కీ అడుగుద్ది.

ఫోన్‌లోనే మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైట్ తెరిచి లాగినై, డివైసెస్‌లో మీ లాప్‌టాప్ పేరు కింద రికవరీ కీ చూడండి. చిక్కు ఎక్కడొస్తుందంటే, లాప్‌టాప్ కొన్న రోజు షాపులో ఎవరో ఏదో మెయిల్ ఐడీతో సెటప్ చేసిచ్చి ఉంటారు, ఆ ఐడీ మీకు గుర్తుండదు. అబ్బాయి కాలేజీ మెయిలో, పాత ఆఫీసు మెయిలో అన్నీ ప్రయత్నించండి, ఆఫీసు లాప్‌టాప్ అయితే మీ ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది. ఆ కీ దొరక్కపోతే డేటా ఇంక రాదు, ఎవరైనా తీసిపెడతామంటే నమ్మకండి. ఇప్పుడు బాగా నడుస్తున్నవాళ్లు ఈరోజే ఆ కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి, లాప్‌టాప్ బ్యాగులో కాదు.

బ్లూ స్క్రీన్ మీద ఏదో ఇంగ్లీషులో రాసుంది, అర్థమేంటి?

ముందు ఫోన్‌తో ఫొటో తీయండి, క్యూఆర్ కోడ్ కాదు, కింద స్టాప్ కోడ్ అని ఉన్న లైను కావాలి. (2025 నుంచి విండోస్ 11లో అది నీలం కాదు నలుపు, అది చూసి మానిటర్ పోయిందనుకున్నవాళ్లూ ఉన్నారు.) మెమరీ మేనేజ్‌మెంట్ అంటే ముందు ర్యాము తీసి, బంగారు రంగు పళ్లని రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ గట్టిగా పెట్టించండి, తర్వాత విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్ నడపండి. డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ అని మొదలైతే డ్రైవర్, చాలాసార్లు కిందే ఆ ఫైలు పేరు కూడా ఇస్తుంది, అది నెట్‌వర్క్‌దా గ్రాఫిక్స్‌దా వెతికితే తెలిసిపోద్ది. అన్‌మౌంటబుల్ బూట్ వాల్యూమ్ అంటే డిస్క్ వైపు చూడాలి. క్రిటికల్ ప్రాసెస్ డైడ్ అంటే మాత్రం ఏదైనా కావొచ్చు, దాన్ని బట్టి ఏమీ తేలదు.

ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని చూసి ఎస్ఎంపీఎస్ (లోపల కరెంటు ఇచ్చే డబ్బా) మార్చేయమంటారు కొందరు, ఆ 41 అంటే సిస్టమ్ సరిగ్గా ఆగకుండా ఆరిపోయింది అని మాత్రమే, ఎందుకు ఆరిపోయిందో అది చెప్పదు.

బ్లూ స్క్రీన్ ఏమీ రాదు, టక్కున ఆరిపోతుంది

అయితే అప్డేట్ అనుమానం పక్కన పెట్టి వేడి, కరెంటు చూడండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండల్లో ఏసీ లేని గదిలో బల్లకింద అరలో మూసిపెట్టిన సీపీయూ పరిస్థితి ఏంటి? ప్రాసెసర్ హద్దు దాటి వేడెక్కితే తనని తాను కాపాడుకోడానికి ఆగిపోద్ది, మెసేజ్ ఏమీ ఇవ్వదు. అప్డేట్ పడే టైములో ప్రాసెసర్ ఫుల్లుగా పనిచేస్తుంది కాబట్టి సరిగ్గా అప్పుడే ఆరిపోవడం కూడా సహజం. మూత తీసి ఫ్యాను తిరుగుతోందా, హీట్‌సింక్‌లో దుమ్ము దుప్పటిలా ఉందా చూడండి. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల షాపుల సిస్టమ్‌లు అయితే బయటికి తీసుకెళ్లి, మూతికి గుడ్డ కట్టుకుని బ్లోయర్ కొట్టండి, లేకపోతే ఆ పూటకి తుమ్ములే తుమ్ములు.

యూపీఎస్ కూడా చూడాలి, బ్యాటరీ చచ్చిపోయిన యూపీఎస్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

అప్డేట్ మధ్యలో కరెంటు పోయింది

విండోస్ అప్డేట్ అయితే చాలాసార్లు తనే చూసుకుంటుంది, తిరిగి ఆన్ చేస్తే అన్‌డూయింగ్ చేంజెస్ అని వెనక్కి వెళ్తుంది, వదిలెయ్యండి. బయోస్ అప్డేట్ మధ్యలో పోతే మాత్రం మదర్‌బోర్డే లేవకపోవచ్చు. ఇప్పుడు లాప్‌టాప్‌లకి బయోస్ కూడా విండోస్ అప్డేట్‌లోనే వచ్చేస్తోంది, అందుకే చార్జర్ పెట్టకుండా, బ్యాటరీ ఐదు శాతం మీద అప్డేట్ అండ్ రీస్టార్ట్ కొట్టకండి.

30 శాతం దగ్గర ఆగిపోయింది, ఆపేసెయ్యనా?

హార్డ్ డిస్క్ ఉన్న పాత సిస్టమ్ అయితే రెండు మూడు గంటలు ఆగండి, డిస్క్ లైటు మిణుకుమిణుకుమంటుంటే లోపల పని జరుగుతున్నట్టే. లైటు పూర్తిగా ఆగిపోయి గంటలు గడిచినా కదలకపోతేనే పవర్ బటన్.

ప్రింట్ కొట్టగానే క్రాష్ అవుతోంది

నవ్వుతారేమో గానీ ఇది నిజంగా జరిగింది. 2021 మార్చి 9న వచ్చిన అప్డేట్ తర్వాత కొన్ని కంపెనీల ప్రింటర్లకి ప్రింట్ ఇస్తే చాలు ఏపీసీ ఇండెక్స్ మిస్‌మ్యాచ్ అని బ్లూ స్క్రీన్ పడేది, ఆ నెలలోనే విడిగా అప్డేట్లు ఇచ్చి సరిచేశారు. కాబట్టి క్రాష్ ఏ పని చేస్తే వస్తోందో గమనించడం చాలా ముఖ్యం. ఊరికే కూర్చున్నప్పుడు వస్తోందా, ప్రింట్ ఇస్తేనా, పెన్‌డ్రైవ్ పెడితేనా? ప్రింటర్ డ్రైవర్ తీసేసి, కంపెనీ సైట్ నుంచి కొత్తది వేసి చూడండి.

డాంగిల్ పెట్టి వాడే పాత సాఫ్ట్‌వేర్ ఉంది, విండోస్ 11 అయ్యాక అదొక్కటే నడవట్లేదు

విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్ అని ఉంటుంది, అందులో మెమరీ ఇంటిగ్రిటీ ఆన్‌లో ఉంటే పాతకాలం డ్రైవర్లని లోపలికి రానివ్వదు. ఏ డ్రైవర్ కుదరట్లేదో అక్కడే పేరు చూపిస్తుంది కూడా. ముందు డాంగిల్ కంపెనీ దగ్గర కొత్త డ్రైవర్ ఉందేమో అడగండి, లేకపోతే మెమరీ ఇంటిగ్రిటీ ఆపి వాడుకోవచ్చు గానీ ఆ సిస్టమ్‌లో నెట్ బ్యాంకింగ్ చెయ్యకండి. నన్నడిగితే గవర్నర్‌పేటలోనో బ్రాడీపేటలోనో పాత సిస్టమ్ ఒకటి కొని, ఇంటర్నెట్ లేకుండా ఆ ఒక్క పనికే ఉంచుకోవడం నయం.

తెర నల్లగా ఉంది, మౌస్ బాణం మాత్రం కనిపిస్తోంది

విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుద్ది. అప్పటికి తెర వచ్చినా సమస్య పోయినట్టు కాదు, డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ తెరిచి రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి.

ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ కొట్టమంటారు అందరూ, పనిచేస్తుందా?

అది విండోస్ సొంత ఫైళ్లని సరిచేసే కమాండ్, ఆ ఫైళ్లు పాడైతే పనిచేస్తుంది, వేరే దానికి చెయ్యదు. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు డిజమ్ రిస్టోర్‌హెల్త్, ఆ తర్వాత ఎస్ఎఫ్‌సీ. చాలామంది తిరగేసి చేస్తారు, డిజమ్ బాగుచేసిన ఫైళ్ల నుంచే ఎస్ఎఫ్‌సీ తీసుకుంటుంది కాబట్టి వరస ముఖ్యం. నెట్ ఉండాలి, మధ్యలో ఒకచోట ఆగినట్టు కనిపిస్తుంది, ఆపకండి.

అప్డేట్ వల్ల ఎస్ఎస్‌డీలే కాలిపోతున్నాయంట కదా?

2025 ఆగస్టులో విండోస్ 11 అప్డేట్ ఒకటి ఎస్ఎస్‌డీలని చంపేస్తోందని జపాన్ నుంచి మొదలై వాట్సాప్ గ్రూపుల దాకా పాకింది. ఎస్ఎస్‌డీ కంట్రోలర్లు చేసే ఫైసన్ కంపెనీ 4,500 గంటలకు పైగా టెస్టు చేసి ఆ లోపం తమకి కనిపించలేదంది, మైక్రోసాఫ్ట్ కూడా తమ అప్డేట్‌కి సంబంధం దొరకలేదంది. అలాగని అన్నీ పుకార్లే అనుకోకండి, 24హెచ్2 వచ్చిన కొత్తల్లో వెస్ట్రన్ డిజిటల్ ఎస్ఎన్770, ఎస్ఎన్580 రకం 2 టీబీ ఎస్ఎస్‌డీలకి నిజంగానే బ్లూ స్క్రీన్లు వచ్చాయి, కంపెనీ ఫర్మ్‌వేర్ అప్డేట్ ఇచ్చాక తగ్గింది. డిస్క్‌కి కూడా అప్డేట్ ఉంటుందని చాలామందికి తెలీదు.

మా వాడు గేములాడే సిస్టమ్, ఎన్ని అప్డేట్లు తీసినా క్రాషే

ప్రాసెసర్ ఏంటో చూడండి. ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజీ ఎక్కువై క్రమంగా దెబ్బతినే సమస్య ఉంది, 2024 ఆగస్టు నుంచి బయోస్ ద్వారా దానికి మందు ఇచ్చారు, వారంటీ కూడా రెండేళ్లు పెంచారు. బయోస్ అప్డేట్ చేయించండి, ఇప్పటికే దెబ్బతిన్నదైతే అది బాగవ్వదు, వారంటీలో మార్పించుకోవడమే.

అసలు అప్డేట్లే ఆపేస్తే ఏ గొడవా ఉండదు కదా?

శాశ్వతంగా ఆపితే వైరస్‌లకి తలుపు తీసినట్టే. కొన్నాళ్లు వాయిదా వేసుకోండి చాలు, సెట్టింగ్స్‌లో విండోస్ అప్డేట్‌లో పాజ్ ఉంటుంది, ఐదు వారాల దాకా ఆపొచ్చు. ఆడిటర్లకి, అకౌంటెంట్లకి నేను ప్రత్యేకంగా చెప్పేది ఒకటుంది. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్డేట్ రెండో మంగళవారం, అంటే మన టైము ప్రకారం ఆ రాత్రి పదిన్నరకో పదకొండున్నరకో వస్తుంది. రెండో మంగళవారం ఎప్పుడూ 8కి, 14కి మధ్యే పడుద్ది. నెలవారీ జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) గడువు 11వ తేదీ. రెండూ ఢీకొడతాయి! అందుకే ప్రతి నెలా 7న ఒక వారం పాజ్ కొట్టి, రిటర్నులు అయిపోయాక వదలండి, ఈలోపు అప్డేట్‌లో తేడా ఉంటే ప్రపంచమంతా గోల చేసి ఉంటుంది, మనకి ముందే తెలుస్తుంది.

విండోస్ 10 వాళ్లకి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు అయిపోయింది, ఇళ్లలో వాడేవాళ్లు ఈఎస్‌యూ అనే పొడిగింపు పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్డేట్లు వస్తాయి.

మాది క్రాక్ విండోస్, అందుకే ఇలా అవుతుందా?

కావొచ్చు. ఆక్టివేటర్ వెయ్యడానికి విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ని ఆపేస్తారు, సిస్టమ్ ఫైళ్లు మారుస్తారు, అప్డేట్ వచ్చి ఆ ఫైళ్లని సరిచెయ్యబోయి ఎక్కడో తేడా కొడుతుంది. దీనికి నా దగ్గర వేరే సలహా లేదు, లైసెన్సు కొనండి.

ప్రపంచమంతా ఒకేరోజు బ్లూ స్క్రీన్ వచ్చింది చూడండి, అది విండోస్ అప్డేటేనా?

కాదు. 2024 జులై 19, శుక్రవారం. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పంపిన అప్డేట్ ఫైలులో లోపం, 85 లక్షల దాకా విండోస్ సిస్టమ్‌లు పడిపోయాయి, ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి సి-00000291తో మొదలయ్యే ఒక ఫైలు తీసేస్తే లేచేవి, కానీ ఒక్కో సిస్టమ్ దగ్గరికీ మనిషి వెళ్లాల్సొచ్చింది. అందుకే క్రాష్ అయిన వారంలో విండోస్ ఒక్కటే కాదు, యాంటీవైరస్ ఏమైనా అప్డేట్ అయిందా అని కూడా చూడమంటా.

బ్లూ స్క్రీన్ మీద ఫోన్ నంబరు ఇచ్చారు, చెయ్యొచ్చా?

చెయ్యకండి! అసలైన బ్లూ స్క్రీన్ మీద ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. అది బ్రౌజర్‌లో ఫుల్ స్క్రీన్ చేసిన దొంగ పేజీ, ఆల్ట్ ఎఫ్4 కొడితే పోద్ది, లేకపోతే కంట్రోల్ ఆల్ట్ డిలీట్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్ ఆపండి. అప్డేట్ పూర్తవ్వాలంటే విండోస్ ఆర్ నొక్కి ఇది పేస్ట్ చెయ్యండి అని చెప్పేదీ మోసమే. ఇప్పటికే ఎనీడెస్క్‌తో సిస్టమ్ వాళ్ల చేతికిచ్చేసి డబ్బులు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

సర్వీసుకి ఇస్తున్నా, ఏం చెప్పి ఇవ్వాలి?

స్టాప్ కోడ్ ఫొటో, క్రాష్ మొదలైన తేదీ, ఏం చేస్తే వస్తోంది, ఈ మూడూ కాగితం మీద రాసి సీపీయూకి అంటించండి, నోటితో చెప్తే కౌంటర్లో అబ్బాయి లోపల మెకానిక్‌కి "బ్లూ స్క్రీనంట" అని మాత్రమే చెప్తాడు. "నన్నడక్కుండా ఫార్మాట్ చెయ్యొద్దు" అని పైన పెద్దక్షరాలతో రాయండి. డిస్క్, ర్యాము సీరియల్ నంబర్లు ఫొటో తీసుకోండి. బిట్‌లాకర్ ఉంటే కీ వాళ్లకి ఇచ్చెయ్యకుండా దగ్గరుండి మీరే టైప్ చెయ్యండి, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ మాత్రం పీకి జేబులో వేసుకోండి.